పొడుగు తోక టిక్కు

"నలభై ఆరే. టీ చల్లారేలోపు అయిపోతాయిలే," అంటూ మాస్టారు నోట్‌బుక్కుల సంచిని భోజనాల బల్ల మీద దింపి కుర్చీలో కూలబడ్డాడు.

ఆయన భార్య అప్పటికే బల్లను ఒకసారి తుడిచింది. సంచి కాస్త పక్కకి జరిపి పొడిగుడ్డతో మళ్ళీ తుడిచింది. పోయినేడాది ఒక పిల్ల పుస్తకానికి కూర మరక అంటితే, ఆ పిల్ల తల్లి స్కూలుకి వచ్చి "మాస్టారు అన్నం తింటూ దిద్దుతారా?" అని అడిగిందట. ఆ మాటను ఆయన దారంతా మోసుకొచ్చి తిన్నగా ఆమె నెత్తిన దింపాడు. మరక ఆమెది, పరువు ఆయనది.

పెళ్ళయిన ఏడాదే ఆయన స్కూటరు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పరీక్షలు జరుగుతున్న రోజులు. "నాలుగు రోజులు సాయం పట్టవోయ్," అన్నాడు. ఆయన టిక్కు పెట్టడం ఆమె అప్పుడే నేర్చుకుంది. చిన్న కొక్కెంలా మొదలై, పై వాక్యం మీదికి సాగిపోయే పొడుగు తోక టిక్కు. కింద ఆయన పొట్టి సంతకం. నెలన్నరకి మణికట్టు అతుక్కుంది. పుస్తకాలు మాత్రం పన్నెండేళ్ళుగా వస్తూనే ఉన్నాయి.

ఇద్దరూ ఒకే కాలేజీలో ఇంగ్లీషు చదివారు. ఆమెకు క్లాసులో రెండో స్థానం. ఆయనకు ఎన్నో స్థానమో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం "మార్కులు ఆవిడవి, ఉద్యోగం నాది. ఎవరు గెలిచినట్టు?" అని అడిగి, అందరికంటే ముందు తనే నవ్వేవాడు. ఆ నవ్వులో ఆమె కూడా కలవాలి. కలవకపోతే ముఖం మాడ్చుకుందంటారు.

టీ అందుకుంటూ మాస్టారు అసలు కబురు విప్పాడు. "పెద్ద మేడమ్ మన పుస్తకాలు చూసిందోయ్. తప్పుల పక్కన పెన్సిల్‌తో చిన్న చిన్న మాటలు రాస్తుంటాం చూడు, అవి ఆవిడకి తెగ నచ్చేశాయి. ఎల్లుండి శనివారం టీచర్లందరినీ కూర్చోబెట్టి, పుస్తకాలు ఎలా దిద్దాలో నన్నే చెప్పమంది. ఇంగ్లీషు టీచర్లందరికీ నన్నే పెద్ద చేస్తారట కూడా."

ఆయన 'మన' అన్నాడు, 'రాస్తుంటాం' అన్నాడు, చివరికి వచ్చేసరికి 'నన్నే' అన్నాడు. ఆమెకు అంతా వినపడింది.

"అవి రాసేది నేనని చెప్పారా?"

"చెప్పి ఏం చేయమంటావ్? పెళ్ళాం చేత దిద్దిస్తున్నాడంటారు. ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది. అయినా మనలో మనకి నీదేంటి, నాదేంటి? శనివారానికి నాలుగు పేజీలు రాసిపెట్టు. అనుభవం మీద చెప్పినట్టుండాలి."

సోఫాలోంచి అత్తగారు అందుకుంది. "చిన్నప్పట్నుంచీ వాడి చేతిరాత ముత్యాలే. అమ్మాయ్, నాకూ కాస్త టీ చుక్క పొయ్యి. పొద్దుట్నుంచీ ఖాళీగానే ఉన్నావుగా."

ఆ 'ఖాళీ' ఎలాంటిదో ఆమె ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. చెప్పబోతే అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తోమిన గిన్నె మళ్ళీ మాసిపోతుంది, ఉడికిన అన్నం అయిపోతుంది, ఊడ్చిన గది సాయంత్రానికి ఊడ్వని గదిలాగే ఉంటుంది. చేశానని చూపించడానికి ఆనవాలు ఉండదు. ఆనవాలు మిగిలే పని ఆ ఇంట్లో ఒక్కటే, ఈ పుస్తకాలు దిద్దడం. దాని కింద ఉండేది ఆయన సంతకం.

మాస్టారు పక్కవీధిలో ట్యూషన్ చెప్పడానికి వెళ్ళాక ఆమె సంచి బోర్లించింది. పుస్తకాలన్నీ జారాక అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి పడింది. విప్పింది. తన దరఖాస్తే. ఆ స్కూల్లోనే చిన్న తరగతులకి ఇంగ్లీషు టీచరు కావాలంటే మూడు వారాల కిందట నింపి ఇచ్చింది. "ఇచ్చేశా, వాళ్ళే పిలుస్తారు," అని ఆయన ఆ రోజే చెప్పాడు. ఇప్పుడది క్యారేజీ నూనె అంటి, మడతల దగ్గర చిరగబోతోంది. 'అనుభవం' అన్నచోట ఏం రాయాలో తోచక ఆమె ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీలో ఇప్పుడు ఆయన చేతిరాతతో ఒకే ఒక్క మాట ఉంది. 'లేదు.'

ఆఖరు తేదీ రేపు.

ఇవ్వడం మరిచిపోయాడనుకుందామంటే, మరిచిపోయినవాడు కలం తీసి ఖాళీ ఎందుకు నింపుతాడు? కాగితాన్ని నిఘంటువులో పెట్టి, చేతులు ఊరుకోక పుస్తకాలు ముందేసుకుంది. రాసిన పేజీ దగ్గర ఒక్కోటీ తెరిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి దొంతి పెట్టింది. అలా అయితే పేజీలు వెతుక్కునే పని ఉండదు.

ఈ వారం పాఠం కౌంటబుల్, అన్‌కౌంటబుల్ నామవాచకాలు. మాస్టారు బోర్డు మీద రెండు గళ్ళు గీసి, ఒక గడిలో కుర్చీ, పెన్ను, పుస్తకం, రెండో గడిలో పాలు, నీళ్ళు, బియ్యం, పని, సాయం, ఓపిక రాయించి, బట్టీ పట్టమన్నాడు. ఆ చివరి మూడూ ఒకే గడిలో పడటం చూసి ఆమెకు నవ్వొచ్చింది. పిల్లలు బట్టీ అయితే పట్టారు గానీ, వాక్యాల దగ్గరికి వచ్చేసరికి ముప్పైమంది ఒకటే తప్పు చేశారు. మిల్క్స్ ఆర్ బాయిలింగ్. వాటర్స్ ఆర్ కమింగ్. మాస్టారైతే పేజీకి అడ్డంగా ఇంటూ కొట్టి 'మూర్ఖులు' అనేవాడు. ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. పాలు పొంగాయి, నీళ్ళు వచ్చాయి అనే ఇళ్ళలోంచి వచ్చిన పిల్లలు వాళ్ళు. మన నోట్లో పాలు, నీళ్ళు ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి. ఇంగ్లీషులో అవి ఒకటే ముద్ద. పెన్సిల్ చెక్కి ఒక్కో పుస్తకంలో రాయసాగింది. 'నీ తప్పు కాదు, మనం ఇంట్లో అలాగే అంటాం. ఇంగ్లీషులో మాత్రం పాలకి ఒకటి, రెండు ఉండవు. గ్లాసులో పోస్తే గ్లాసులు లెక్కపెట్టు, పాలను కాదు.'

ముప్పై ఒకటో నంబరు పిల్ల వాక్యాలన్నీ సరిగ్గా రాసింది. పేజీ అడుగున, గీత దాటి, చీమల బారులాంటి అక్షరాలున్నాయి.

'సార్, చుక్కల్ని ఎవరూ లెక్కపెట్టలేరు కదా, మరి స్టార్స్ కౌంటబుల్ ఎందుకయ్యాయి? క్లాసులో అడిగితే కూర్చోమన్నారు. పుస్తకంలో అడిగితే మీరు బాగా చెప్తారు. క్లాసులో కూడా పుస్తకంలో ఉన్న సార్ లాగా ఉండొచ్చు కదా సార్.'

ఆమె రెండుసార్లు చదివింది. పన్నెండేళ్ళుగా తనను ఎవరూ చూడలేదనుకుంది. ఈ పిల్ల చూసింది. చూసి, మగమనిషి అనుకుంది.

పెన్సిల్ తీసుకుని జవాబు రాసింది. 'లెక్క తేలకపోవడం వేరు, లెక్కకి దొరక్కపోవడం వేరు. చుక్కలన్నీ లెక్కపెట్టేలోపు మనం అలిసిపోతాం, నిజమే. కానీ ఏ చుక్కకి ఆ చుక్క విడిగా ఉంది. వేలు పెట్టి 'ఇది ఒకటి' అని చూపించొచ్చు. నీళ్ళలో ఆ ఒకటి ఎక్కడుందో చూపించలేవు.'

రాయడం అయ్యాక పెన్సిల్ కింద పెట్టింది. బల్ల మీద పుస్తకాల దొంతి వంక చూసింది. ఇవి నీళ్ళు కావు. వారానికి నలభై ఆరు, పన్నెండేళ్ళు. వేలు పెట్టి ఒక్కోటీ చూపించొచ్చు.

మర్నాడు పొద్దున్న మాస్టారు బూట్ల లేసులు కట్టుకుంటుంటే క్యారేజీ అందిస్తూ అడిగింది. ఆయనకు ఒక అవకాశం ఇద్దామనే అడిగింది.

"నా దరఖాస్తు ఏమైందండీ?"

"ఇచ్చానన్నాగా," ఆయన తలెత్తలేదు. "వాళ్ళకి అనుభవం ఉన్నవాళ్ళు కావాలట. నువ్వు ఆశ పెట్టుకోకు. పుస్తకాలు రేపు పట్టుకెళ్తాలే. ఆ నాలుగు పేజీలు మాత్రం మరిచిపోకు."

"మరిచిపోను," అంది.

స్కూటరు సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. లోపలికొచ్చి పొయ్యి కట్టేసి, చీర మార్చుకుంది. నిఘంటువులోంచి కాగితం తీసి 'లేదు' అన్న మాటను ఒకే గీతతో కొట్టేసి, పక్కన 'పన్నెండేళ్ళు' అని రాసింది. సాయంత్రం ఈ ఇంటికే తిరిగి రావాలి. ఆ సాయంత్రం ఎలా ఉండబోతోందో ఆమెకు తెలియంది కాదు. ముందు మౌనం, తర్వాత అత్తగారి శోకాలు, ఆ తర్వాత "నా పొట్ట కొట్టావు," అన్న మాట. ఆ మాటలో కొంత నిజం ఉంటుంది కూడా. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. పుస్తకాలన్నీ సంచిలో సర్దింది.

"ఎక్కడికమ్మాయ్ ఈ వేళప్పుడు? కూరలు తరిగావా?" అంది అత్తగారు.

"తరగలేదత్తయ్యా. స్కూలుకి వెళ్తున్నా."

"వాడు ఏమన్నా మరిచిపోయాడా?"

ఆమె చెప్పులు వేసుకుంది. "అవును," అంది.

సంచి బరువుకి భుజం లాగేసింది. రెండుసార్లు చెయ్యి మార్చుకుని స్కూలు చేరింది. పెద్ద మేడమ్ గది వరండా చివర ఉంది. ఆ పక్క క్లాసులోంచి మాస్టారి గొంతు వినిపిస్తోంది. "ఎన్నిసార్లు చెప్పాలి? అన్‌కౌంటబుల్ అంటే అన్‌కౌంటబుల్. కూర్చో." ఎవరో కూర్చున్న బెంచీ చప్పుడు. ఆ కూర్చున్నది ముప్పై ఒకటో నంబరేమో అనుకుంది.

పెద్ద మేడమ్ దరఖాస్తు చదివి, కొట్టేసిన మాట దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీరు మాస్టారి భార్య కదూ? పన్నెండేళ్ళు ఎక్కడ చేశారమ్మా? కాగితం ఏమన్నా ఉందా?"

ఆమె సంచి బల్ల మీద పెట్టింది. "ఇక్కడే చేశానండీ. ఏ పుస్తకం తెరిచినా ఫరవాలేదు."

మేడమ్ రెండు పుస్తకాలు తెరిచింది. ముప్పై ఒకటో నంబరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. మూసి, నెమ్మదిగా అంది. "భర్త మీద కోపంతో ఆడవాళ్ళు ఏదో ఒకటి అంటూ వస్తారు. నేను నమ్మేదెలా?" బల్ల సొరుగులోంచి ఇంకెవరి క్లాసుదో దిద్దని పుస్తకం ఒకటి తీసి, ఎర్రపెన్నుతో సహా ముందుకి తోసింది. "దిద్దండి."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. మొదటి వాక్యం సరిగ్గానే ఉంది. చేయి దానంతటదే కదిలింది. చిన్న కొక్కెం, పై వాక్యం మీదికి సాగిన పొడుగు తోక. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. నమ్మడానికి అది చాలు. పెన్ను కింద పెట్టేసి ఉండొచ్చు.

ఆమె పెట్టలేదు. కాగితం మీదున్న ఆ టిక్కును చూస్తూ, తన టిక్కు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోబోయింది. ఏమీ గుర్తుకు రాలేదు. తనకంటూ ఒకటి ఎప్పుడూ లేదు. పక్క గదిలో మాస్టారు ఇంకెవరినో కూర్చోమంటున్నాడు. ఆమె ఆ పొడుగు తోకను అడ్డంగా కొట్టేసి, పక్కనే అక్షరాలు దిద్దే పిల్ల పెట్టినట్టు, వంకరగా, పొట్టిగా ఇంకోటి పెట్టింది.

"అది ఆయనది," అంది. "ఇది నాది."