బావగారి పేరు

బావగారికి టీ గిన్నె సగమే నింపాలి. నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టట. పన్నెండేళ్ళుగా చీకటితో లేచి, రొట్టెలు కాల్చి, ఆరుగురికి సగం సగం గిన్నెలు అందించి, ఆయన వెనకే బస్సెక్కి తోక్మోక్ ఊరి నూలుమిల్లుకి వెళ్తున్నాను. అక్కడ ఆయన హెడ్ ఎలక్ట్రీషియన్, నేను ఆయన చేతికింద మనిషిని. లెక్కలు నావి, సంతకాలు ఆయనవి.

పెళ్ళైన మర్నాడే అత్తగారు చెప్పింది. "ఇదిగో పిల్లా, మీ ఆయనకన్నా పెద్దవాళ్ళ పేరు నీ నోట రాకూడదు. వచ్చిందో, ఇంటికే అరిష్టం." అప్పట్నుంచీ బావగారు నాకు బైకే, అంటే మా భాషలో అన్నగారు. చిక్కేమిటంటే మిల్లులో నాకన్నా పెద్దవాళ్ళందరూ బైకేలే.

మోటార్లు నూలు వడకడానికి వాడుకునే కరెంటు ఒకటి. అది కాక, ఏ పనీ చేసినట్టు కనిపించకుండా లైనులో ఊరికే వచ్చిపోయే కరెంటు ఇంకొంత ఉంటుంది. అది లేనిదే మోటారు కదలదు. కాలేజీలో ఈ పాఠం విన్నప్పుడు అచ్చం మా అమ్మ చాకిరీలా ఉందే అనుకుని నవ్వుకున్నాను. ఆ బరువు ఊరి లైను మీద పడకుండా మిల్లులోనే సర్దడానికి కెపాసిటర్ల బీరువాలు పెట్టుకున్నాం. వాటితో భయం ఏమిటంటే, స్విచ్ ఆపేసినా కరెంటు లోపల నిలిచే ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగాలి, మీటరు పెట్టి చూడాలి, మిగిలింది నేలలోకి దిగిపోయేలా ఎర్త్ కర్ర తాకించాలి. అప్పుడుగానీ చెయ్యి పెట్టకూడదు. బావగారు ఆగరు. "పాతికేళ్ళ చెయ్యి ఇది. మీటరు పట్టుకుని కూర్చోడం ఆడాళ్ళ పని," అంటారు.

సోమవారం మధ్యాహ్నం మూడో బీరువా ఆపారు. నేను వెనక వైపు ఇనుప జాలీ అవతల మీటరు తీగలు తగిలించి చూస్తున్నాను. నాలుగు నిమిషాలైంది. ముల్లు మూడువందల నలభై వోల్టుల దగ్గరే నిలబడింది, దిగడం లేదు. లోపల కరెంటును హరించే రెసిస్టరు తెగిపోయిందన్నమాట! తలెత్తేసరికి, జాలీలోంచి బావగారు ముందు వైపు తలుపు తెరిచి, స్పానరు పట్టుకుని చెయ్యి లోపలికి చాపుతూ కనిపించారు.

"బైకే, ఆగండి!" అని అరిచాను.

పక్కన ఫ్యాను బిగిస్తున్న ముగ్గురు ఫిట్టర్లు పని ఆపి తిరిగారు. "ఏంటమ్మా బర్చినై?" అన్నాడొకడు. ఆయన మాత్రం తిరగలేదు. ఆ మరల హోరులో పిలుపు ఆయనకని ఎలా తెలుస్తుంది? ఆయన పేరు నా గొంతు దాకా వచ్చి అక్కడే ఇరుక్కుంది. అత్తగారి ముఖం కళ్ళ ముందు కనిపించింది. ఆయన చెయ్యి ఇంకో జానెడు లోపలికి వెళ్ళింది. దేవుడా, నేను చూస్తూనే ఉన్నాను!

"సాతిబాల్డీ! చెయ్యి తియ్!"

ఆయన ఉలిక్కిపడి వెనక్కి దూకారు. చేతిలోంచి జారిన స్పానరు కెపాసిటరు రెండు కొనల మీద అడ్డంగా పడింది. ఢామ్మని నీలం మంట లేచింది. తర్వాత చూస్తే స్పానరు మూతి కరిగిపోయింది.

మేము ఇంటికి చేరేలోపే కబురు చేరింది. "పేరు పెట్టి, అరేయ్ ఒరేయ్ అన్నట్టు పిలిచిందట! అంతమంది మగాళ్ళ ముందు!" అని అత్తగారు రొమ్ము బాదుకుంటోంది. మా ఆయన మెలిస్ నా వైపు చూడకుండానే, "అన్నయ్య ముందు మోకాలు వంచి తప్పైందని చెప్పు. రేపట్నుంచి మిల్లు మానెయ్," అన్నాడు. మిల్లు పోతే నాకంటూ మిగిలేది ఈ నాలుగు గోడలే. మోకాళ్ళు వాటంతటవే వంగుతున్నాయి కూడా.

"ఉండు," అన్నారు బావగారు. నా వైపు తిరిగారు. "మొదట బైకే అని ఓ కేక వినిపించింది. నన్ను కాదనుకున్నాను. అప్పటికే నువ్వు చూశావన్నమాట. మరి పేరు పెట్టి పిలవడానికి అంతసేపెందుకు పట్టింది?"

"నోరు రాలేదు బైకే. మీరు చచ్చిపోతారని తెలిసి కూడా రాలేదు."

అత్తగారి ఏడుపు టక్కున ఆగింది. ఎవరూ నా ముఖంలోకి చూడలేకపోయారు. నేను మోకాళ్ళు నిటారు చేసుకుని, రేపు కూడా మిల్లుకి వెళ్తున్నానని, ఈసారి మొదటి కేకే పేరు పెట్టి వేస్తానని చెప్పాను.