చాప ముక్క

నా తోడికోడలంటే నాకు గిట్టదు. ఈ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. దానికీ నేనంటే గిట్టదు. తెరచాపలు కుట్టే మా షెడ్డులో ఇద్దరిదీ ఒకటే బల్ల. మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఆ రోజు మాత్రం తాడోపేడో తేల్చుకోవాలనే కూర్చున్నాను. మా అబ్బాయి పడవ తెరచాప గాలిలో అడుగు మూల దగ్గర పర్రున చిరిగి, పడవ బోల్తా కొట్టింది. వాడు జబ్బ విరిగి ఇంట్లో మూలుగుతున్నాడు. ఆ తెరచాప కుట్టింది ఈ మహాతల్లే. నా మణికట్టు బెణికిందని పని దాని చేతిలో పెట్టాను, నా ఖర్మ! చెడ్డ కుట్టు కుట్టినవాళ్ళకి మా బల్ల దగ్గర చోటు లేదు. అది మామగారి మాట.

"ఇది చాప ముక్క పెట్టి ఉండదు మామయ్యా. పెడితే మూల ఎందుకు పిగులుతుంది?" అన్నాను.

తోడికోడలు దారానికి మైనం రాస్తూ తలైనా ఎత్తలేదు.

ఆ ముక్క సంగతి కొత్త కోడలిగా వచ్చినప్పుడే మామగారు నాకు చెప్పారు. గుడ్డ దొరకని కాలంలో ఆకులతో అల్లిన చాపనే పడవ కొయ్యకి కట్టేవారట. తెరలా నిలబడి గాలిని ఆపే చాప కాబట్టి తెరచాప. గుడ్డ వచ్చాక పడవవాళ్ళు దాన్ని నమ్మలేదు. కుట్టినవాళ్ళు తాము పడుకునే చాపలోంచి చిన్న ముక్క కోసి, అడుగు మూల మడతలో పెడితేనే ఎక్కేవారట. చాప పోయింది, పేరు మిగిలింది, మా ఇంట్లో ఆ ముక్కా మిగిలింది.

తోడికోడలికి ఇదంతా వెటకారం. "పాత గుడ్డ ఆరేదక్కా. ఈ కొత్త మైనపు గుడ్డ ఆరదు. నీ చాదస్తం లోపలే కుళ్ళుతుంది," అని ఏడాదిగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. అలాంటిది ముక్క పెడుతుందా?

"విప్పండి మామయ్యా, దీని బండారం బయటపడుతుంది," అన్నాను.

మామగారు బల్ల మీదున్న ఆ చిరిగిన తెరచాప మూల మడతలో కత్తెర పెట్టారు. కుట్టు రాయిలా ఉంది, కత్తెర జారింది. రెండోసారి గట్టిగా నొక్కితే మడత విచ్చుకుంది. లోపల చాప ముక్క ఉంది. నల్లగా నాని, కంపు కొడుతోంది. దాని చుట్టూ గుడ్డ చివికి, వేలు తగిలితే రాలిపోతోంది. ముక్కకి ఒక పక్క ఎర్ర చార కనబడింది. నా చాపకి ఉన్నది ఆకుపచ్చ చార. ఎర్ర చార తోడికోడలి చాపది.



"కుళ్ళుతుందని తెలిసి ఎందుకు పెట్టావే?" అన్నాను.

"పెట్టలేదని తెలిస్తే వాడు ఒడ్డుకొచ్చేదాకా నీకు ముద్ద దిగదుగా!" అని కసిరింది. "ఈ నెల్లోనే విప్పి తీసేద్దామనుకున్నా. ఈలోపే గాలి లేచింది."

మామగారు ఆ ముక్కని అరచేతిలోకి తీసుకున్నారు. "నేర్పింది నేనేగా," అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. ఏడాదిగా ఆ మైనపు గుడ్డతో నేను కుట్టిన ప్రతి తెరచాపలోనూ ఆకుపచ్చ చార ముక్క ఉంది. అవన్నీ ఇప్పుడు నీళ్ళ మీద ఉన్నాయి. వాటి కింద ఎవరో ఒకరి కొడుకులున్నారు. దేవుడా, దీన్ని బయటికి గెంటాలని కదా నేను పొద్దున్నే తల దువ్వుకుని వచ్చాను!

నా కత్తెర, నా దబ్బనం తీసి దాని ముందు పెట్టాను. "బల్ల నువ్వే ఉంచుకో. నేను పోతున్నా," అన్నాను.

"ఏడ్చావులే!" అంది. నా వంక చూసిన చూపులో జాలి లేదు, మండిపాటే ఉంది. "అన్ని ముక్కలూ నువ్వు పెట్టి, విప్పడానికి మాత్రం నేనా? రేవుకి పద, ఒక్క పడవ కూడా కదలకూడదు. బయటికెళ్ళినవాళ్ళని రాగానే పట్టుకుందాం."

నా కత్తెర నా మీదికే విసిరింది. అది నా మోకాలికి తగిలింది. నేను దాన్ని తీసుకుని లేచాను.