పిట్టగోడ అవతలి ఆట

“ఎవరు గెలిచారోయ్?” అన్నారు మా వారు పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ. నేను డాబా మీద ఎండబెట్టిన కందిపప్పు చేటకెత్తుకుని మెట్లు దిగుతున్నాను. “రైల్వే వాళ్ళండీ. ఎడమ చివర ఆడే పొట్టి అబ్బాయి బంతిని గీత దాకా తీసుకుపోయి వెనక్కి కొట్టాడు. బందరు వాళ్ళ గోల్‌కీపరు అప్పటికే ముందుకొచ్చేశాడు, ఇంకేం, గోలు” అన్నాను. ఆయన తల ఊపి, తువ్వాలు అందుకుని, కాఫీ అడిగారు. ఆ వారం పత్రికలో ఈ మాటలే ‘క్రీడా విలేఖరి రామకోటేశ్వరరావు’ అని మా వారి పేరు కింద వచ్చాయి.

యుద్ధం ఆగిన మరుసటి ఏడు. బెజవాడలో మా ఇల్లు ఆటస్థలాన్ని ఆనుకునే ఉండేది. డాబా పిట్టగోడ దగ్గర నిలబడితే మైదానమంతా కనబడుతుంది. ఆయన ఆట మొదలయ్యేదాకా అక్కడ కూర్చుని, స్నేహితులు పిలవగానే కాఫీ హోటలుకు పోయేవారు. ఆయన చెడ్డవారని కాదు, ఆట కన్నా ఆట గురించిన మాటలంటే ఆయనకిష్టం. నాకు ఆటే ఇష్టం. మైలవరంలో మా అన్నయ్య ఫుట్‌బాల్ కొనుక్కొస్తే, పెద్దమనిషినయ్యేదాకా వాడితో సమానంగా తన్నాను. పెళ్ళయ్యాక మొదట ఆటలో ఏం జరిగిందో నోటితో చెప్పేదాన్ని. తరవాత “నువ్వే ఓ ముక్క రాసిపెట్టు పార్వతీ, నేను దిద్దుకుంటాను” అన్నారు. కొన్నాళ్ళు దిద్దారు, తరవాత అదీ మానేశారు. క్లబ్బు వాళ్ళు ఆయనకు శాలువా కప్పిన రోజున మా అత్తగారు వెంకటరత్నమ్మగారు ఇరుగుపొరుగులకు మురిసిపోతూ చెప్పారు: “మావాడు రాస్తే దగ్గరుండి కళ్ళారా చూసినట్టుంటుందమ్మా!” నేను ఆ శాలువా మడతపెట్టి పెట్టెలో పెట్టాను. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

ఆ ఏడు కప్పు ఆట ఆఖరి రోజున అత్తగారి తమ్ముడి కుటుంబం వచ్చింది. సాయంత్రమంతా పెనం ముందే ఉన్నాను. పెసరట్టు తిరగేస్తుంటే మైదానం నుంచి ఒక్కసారిగా కేకలు. అట్లకాడ చేత్తో పట్టుకునే లేచాను. “అమ్మాయ్, మావయ్యకు ఇంకోటి” అన్నారు అత్తగారు. కూర్చున్నాను. మా వారు కూడా చుట్టాలతో కబుర్లలో పడి కదల్లేదు. పొద్దుగూకాక ఎప్పటిలాగే అడిగారు. “చూళ్ళేదండీ” అన్నాను. ఆయన కిళ్ళీకొట్టు దగ్గర విన్నది విని, బందరు కెప్టెన్ గోలు కొట్టి గెలిపించాడని రాశారు. ఆ కెప్టెన్ జ్వరంతో ఆ రోజు బందరు దాటనే లేదు.

పత్రిక వచ్చిన మర్నాడు ఆ తప్పు సంగతి అడగడానికి సంపాదకులు ఆదిశేషయ్యగారే మా ఇంటికొచ్చారు. నేను కాఫీ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చేసరికి మా వారంటున్నారు: “ఇందులో నాదేం లేదండీ. మా ఆవిడ సరిగ్గా చూసి చెప్పలేదు. ఇంట్లోనే పడుంటుంది, ఆ మాత్రం కనిపెట్టి ఉండద్దూ!”

గ్లాసులు తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను. ఇన్నేళ్ళూ నేను రాసినవన్నీ ఆయనవయ్యాయి. నేను రాయని ఆ ఒక్కటీ నాదైంది.

“ఆటలు చూసేది మీరా అమ్మా?” అన్నారు ఆదిశేషయ్యగారు ఆశ్చర్యంగా.

“చూసేదీ నేనే, రాసేదీ నేనేనండీ. మొన్నటిది మాత్రం నాది కాదు.”

“అమ్మాయ్, లోపలికి రా” అని అత్తగారి గొంతు. నేను కదల్లేదు. మా వారు కిటికీ వైపు చూస్తున్నారు.

“ఆదివారం గుంటూరు జట్టు వస్తోంది, నేనే మైదానానికి వెళ్ళి రాస్తాను. నా పేరు వెయ్యండి” అన్నాను.

“ఆటల పేజీలో ఆడవాళ్ళ పేరు చూస్తే నవ్వుతారేమోనమ్మా.”

“ఆడని మనిషి చేత గోలు కొట్టిస్తే నవ్వలేదాండీ?”

ఆదిశేషయ్యగారు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. “రాసివ్వండి, చూస్తాను” అని లేచారు.

ఆయన అటు వెళ్ళగానే మా వారు “నా పరువు తీశావు” అన్నారు.

“నా పేరెత్తింది మీరేనండీ” అన్నాను.

ఆదివారం సాయంత్రం కాఫీపొడి, పంచదార డబ్బాలు అత్తగారి ముందు పెట్టి, “వెళ్ళొస్తానత్తయ్యా” అని వీధి తలుపు తీసుకుని మైదానానికి వెళ్ళాను. డాబా మీంచి చూసినన్నాళ్ళూ నాకు తలలే తెలుసు. కింద గడ్డి వాసన, మనుషుల ఆయాసం, బూట్ల చప్పుడు. క్లబ్బు కార్యదర్శి బసవయ్యగారు నన్ను చూసి కంగారుగా ఎదురొచ్చారు.

“వెంకటరత్నమ్మగారి కోడలు కదూ? ఆడవాళ్ళకి అదిగో, ఆ మూల పందిట్లో వేయించామమ్మా కుర్చీలు.”

“నేను శివపార్వతినండీ. పత్రికకు రాయడానికొచ్చాను” అన్నాను. “ఆ మూల నుంచి గోలు కనబడదు. నా కుర్చీ ఇక్కడ వేయించండి.”