అందని అడుగులు

మా ఆయన నడవడం లేదని మొట్టమొదట చెప్పింది నేనే. డాక్టరు కాదు, ఎక్స్‌రే కాదు, నేను. చేతిలో గ్రాఫు పెట్టుకుని మరీ చెప్పాను.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏళ్ళ తరబడి తాళ్ళకి వేలాడే పెట్టెల మీద నిలబడి పనిచేసినా ఒంటి మీద గీత పడని మనిషి. ఒకరోజు ఎవరిదో లిఫ్టు బాగుచేసి, అది చక్కగా తిరుగుతోందని తేల్చుకుని, తను మాత్రం మెట్ల మీంచి దిగుతూ జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. "లిఫ్టు మెకానిక్కు మెట్ల మీద పడ్డాడంటే మా వాళ్ళలో తలెత్తుకోలేను" అని ఆస్పత్రి మంచం మీంచే జోకులు మొదలుపెట్టాడు. నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు ఆలస్యంగా వస్తుంది. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

నేను పరిశోధన చేస్తున్నాను. అగ్గిపెట్టెంత డబ్బాని మనిషి కాలికి కడితే, కాలు ఎటు కదిలిందో, ఎంత బరువుగా ఆనిందో అది కొలుస్తుంది. కొలిచినదాన్ని వైరు లేకుండా ఫోనుకి పంపుతుంది. ఫోను "అందింది" అని తిరిగి చెబుతుంది. ఆపరేషన్లు అయి ఇంట్లో కోలుకుంటున్నవాళ్ళు నిజంగా ఎంత నడుస్తున్నారో డాక్టర్లకి ఇలా తెలియజెయ్యొచ్చన్నది నా థీసిస్. దానికి ఒక రోగి కావాలని నానా తిప్పలూ పడుతుంటే మా ఇంట్లోనే ఒకడు తయారయ్యాడు.

"పెళ్ళయ్యాక నీకు నేను పనికొచ్చింది ఇదే మొదటిసారి కదూ" అన్నాడు, నేను ఆయన చీలమండకి ఒక డబ్బా, మోకాలి పైన ఇంకో డబ్బా కడుతుంటే.

"కదలకు" అన్నాను.

"కదలమని కట్టి కదలకంటావేంటి?"

ఆయన ఫోను మెట్ల మీదే ముక్కలైంది. అందుకని డబ్బాల లెక్కలన్నీ నా ఫోనుకే వచ్చేలా పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయన ఫోను బాగానే ఉన్నా అలాగే పెట్టుకునేదాన్ని. ఆ గీతలు నా కళ్ళ ముందు కదులుతూ ఉంటే తప్ప నాకు తోచదు. నన్ను ఆయన తూనీగా అని పిలుస్తాడు. ఒక్కచోట వాలనట.

డాక్టరు గారు మాత్రం విషయం సూటిగా చెప్పారు. "ఎముక అతుకుతోందమ్మా. కానీ నాకు ఇంకా అనుమానంగానే ఉంది. కాలు మీద బరువు వేసి నడవగలిగితే చాలు, నేను ముట్టుకోను. నెలాఖరుకి కూడా నడవకపోతే మళ్ళీ తెరిచి రాడ్డు మార్చాల్సిందే. ఇక్కడ రెండు నిమిషాలు చూసి తేల్చలేను. ఇంట్లో ఎలా తిరుగుతున్నాడో చెప్పగలరా?"

"అది నాకు వదిలేయండి" అన్నాను. ఆ క్షణంలో నాకు భలే గర్వంగా అనిపించింది.

రోజూ పొద్దున్నే ఆయనకి టిఫిను పెట్టి, మంచం పక్కన చక్రాల కుర్చీ, చేతికర్ర, మంచినీళ్ళు పెట్టి ల్యాబుకి పరుగెత్తేదాన్ని. మధ్యాహ్నం మా ఆడపడుచు అన్నం తెచ్చిపెట్టేది. పక్క వీధిలో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది, భోజనాల వేళకి వచ్చి వెళ్ళేది. సాయంత్రం నేను ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఫోను చూసుకునేదాన్ని. నేను లేనప్పుడు డబ్బాలు తమలో దాచుకున్నదంతా నేను రాగానే ఫోనులోకి దిగాలి. అలా దిగేలా ప్రోగ్రాం రాసింది నేనే.

మొదటి వారం అంతా బాగానే ఉంది. కాకపోతే మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయేది. దాన్ని సరిచేసి మళ్ళీ కట్టాను. ఇక అప్పటినుంచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సున్నా.

"ఏంటిది? రోజంతా పడుకునే ఉన్నావా?"

"నడిచాను" అన్నాడు.

"ఎక్కడికి?"

"వంటింటి దాకా. అక్కణ్ణించి మళ్ళీ ఇక్కడికి. రెండుసార్లు."

"ఇందులో లేదే."

"అది కునుకు తీసిందేమో."

"అది నీలా పగలు పడుకోదు. లే, నడువు, చూస్తాను."

లేచాడు. నేను ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. మడమ ముందు ఆనించు. మోకాలు వంచు. నడుము అలా ఎగరేయకు. చేతికర్ర మీద పడిపోతున్నావు. నాలుగడుగులు వేసేసరికి ఆయన మొహం చెమటలు పట్టింది. మంచం మీద కూలబడి, "నువ్వలా చూస్తుంటే కాలు నాది కాదేమో అనిపిస్తోంది" అన్నాడు. బద్ధకానికి కబుర్లు చెబుతున్నాడనుకున్నాను. బాత్రూముకి వెళ్ళాలన్నా చక్రాల కుర్చీ ఉంది, దాంట్లో వెళితే అడుగులు పడవు. సున్నాకి కారణం నాకు దొరికేసింది. నాకు కారణాలు ఇట్టే దొరుకుతాయి.

ఇంకో వారం గడిచింది. సున్నాలు మారలేదు. నాకు అన్నం సయించడం మానేసింది. ల్యాబులో కూర్చున్నా ఆ కాలే. ఆయన మళ్ళీ తాళ్ళ మీదికి ఎక్కగలడా, అసలు మెట్లెక్కగలడా అని బుర్రలో ఒకటే రొద. ఒక సెలవు రోజు పొద్దున బయటికెళ్ళి ఇంటికొచ్చేసరికి మా ఆడపడుచు సోఫాలో కూర్చుని ఉంది.

"వదినా, అన్నయ్య నడుస్తున్నాడు తెలుసా? బెల్లు కొట్టగానే తనే వచ్చి తలుపు తీశాడు."

"కుర్చీలో వచ్చుంటాడు."

"కుర్చీ అక్కడ మంచం దగ్గరే ఉంది కదా! కర్ర కూడా లేదు చేతిలో."

నేను ఫోను తీసి చూశాను. సున్నా. ఒళ్ళు మండిపోయింది. "అన్నని వెనకేసుకు రావడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇద్దరూ కలిసి నన్ను ఊరుకోబెడుతున్నారా? రేపు వాళ్ళు మళ్ళీ కోస్తే నొప్పి పడేది ఎవరు?" అని దాని మీద ఒంటికాలి మీద లేచాను. పాపం ఆ పిల్ల సోఫాలోంచి లేచి నిలబడింది.

"నడిచాను" అన్నాడు ఆయన గదిలోంచి. ఈసారి జోకు వెయ్యలేదు.

నేను ఫోను తీసుకెళ్ళి ఆయన మొహం ముందు పెట్టాను. "ఇది అబద్ధం చెబుతుందా? దీనికి నువ్వెవరో తెలుసా, నేనెవరో తెలుసా?"

ఆయన ఆ గీతకేసి చాలాసేపు చూశాడు.

నెలాఖరుకి ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు గారు నా గ్రాఫు చూసి, "మీరేమంటారు?" అని ఆయన్ని అడిగారు. "నడిచానండీ, ఇంట్లో" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. ఏదీ, నడవండి అన్నారు. నేను ఒక పక్క, డాక్టరు గారు ఒక పక్క. రెండడుగులేసి గోడ పట్టుకున్నాడు. డాక్టరు గారు నావైపు తిరిగి తల పంకించి, ఆపరేషనుకి తేదీ రాశారు. ఆయన సంతకం పెట్టాడు. తిరిగొస్తుంటే నాకు దిగులుతో పాటు ఎక్కడో కాస్త ఊరట కూడా కలిగింది. ఏదో ఒకటి జరుగుతోంది కదా అని. దారిపొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత నడిచానన్న మాటే ఎత్తలేదు.

ఆస్పత్రిలో చేరడానికి ముందురోజు సెలవు చీటీ ఇచ్చి రావాలని ల్యాబుకి వెళ్ళాను. హడావుడిలో ఫోను భోజనాల బల్ల మీదే మర్చిపోయాను. దారిలో సంచి తడుముకుంటే లేదు. వెనక్కి వెళ్ళే టైము లేదు. ఇక ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని, కుర్చీలో కూర్చునేదాన్ని, లేని ఫోను కోసం చెయ్యి బల్ల మీదికి పోయేది. మా గైడు మేడం కళ్ళద్దాల మీంచి చూసి, "కాసేపు కూర్చోవమ్మా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు. చివరికి ఆవిడ ఫోనే అడిగి తీసుకుని నా నంబరుకి చేశాను. ఆయన ఎత్తాడు.

"నీ ఫోను కులాసాగా ఉంది. నువ్వెలా ఉన్నావు తూనీగా?"

"డబ్బాలు తీసెయ్యలేదు కదా?"

"కాలికే ఉన్నాయి."

"సరే పెట్టేస్తున్నా" అన్నాను. నువ్వెలా ఉన్నావని అడగలేదు. అది తర్వాత గుర్తొచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్ళి బల్ల మీంచి ఫోను తీసుకున్నాను. గ్రాఫు నిండా గీతలు. పొద్దున్న, మధ్యాహ్నం, నేను వచ్చేముందు కూడా. అడుగులు వందల్లో ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. రేపు ఆపరేషను పెట్టుకుని ఈ వేళాకోళం ఏమిటని సరాసరి గదిలోకి వెళ్ళాను.

"ఎవరు కట్టుకున్నారు డబ్బాలు? మీ చెల్లా? లేకపోతే చేత్తో పట్టుకుని ఊపావా?"

ఆయన తలెత్తి చూశాడు. కోపం లేదు. అలిసిపోయినవాడిలా ఉన్నాడు. "ఎవరూ ఊపలేదు" అన్నాడు.

దొంగతనం పట్టుకుందామని గ్రాఫుని పెద్దది చేసి ఒక్కో అడుగూ చూడసాగాను. కాలు మామూలుగానే లేస్తోంది. కిందికి మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా ఆనుతోంది. ఆనేముందు చిన్న వణుకు. ఆ వణుకు నాకు తెలుసు. నా ఎదురుగా ఆయన వేసిన ప్రతి అడుగులోనూ ఉంది. అది ఎవరూ నటించలేరు, చేత్తో ఊపితే రాదు. వెయ్యిమంది నడకల్లో కలిపేసినా దాన్ని ఏరి చూపించగలను. అది మా ఆయన నడక.

వెళ్ళి లాప్‌టాప్ తెరిచి డబ్బాలో పెట్టిన ప్రోగ్రాం తీశాను. తప్పు ఎక్కడుందో వెతికాను. ఉంది. బ్యాటరీ తొందరగా అయిపోతోందని ల్యాబులో సరిచేసినప్పుడు, పరీక్ష కోసమని ఒక వరుస మార్చాను. దాచుకోవడం మానేసి, ఫోను దగ్గర్లో లేకపోతే, వినేవాళ్ళు లేకపోతే, మూడుసార్లు చెప్పి చూడు, తర్వాత పారేయి అని. ల్యాబులో ఫోనూ డబ్బా ఒకే బల్ల మీద ఉంటాయి కాబట్టి అక్కడ ఏ తేడా తెలియలేదు. మళ్ళీ మారుద్దామనుకుని, మార్చకుండానే తెచ్చి ఆయన కాలికి కట్టాను.

అంటే నేను ల్యాబుకి వెళ్ళాక ఆయన వేసిన ప్రతి అడుగునీ ఆ డబ్బా మూడుసార్లు చెప్పి చూసింది. ఫోను నా సంచిలో ఊరికి అటుపక్క ఉంది. మిగిలినవల్లా నేను ఎదురుగా నిలబడి మడమ, మోకాలు అని అరుస్తున్నప్పుడు వేసిన నాలుగడుగులు.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో నోట్లోంచి వచ్చాకే తెలిసింది.

"చెప్పాను" అన్నాడు.

అవును. చెప్పాడు. మూడుసార్లు. డబ్బాతో లెక్క కూడా సరిపోయింది.

"మరి సంతకం ఎందుకు పెట్టావు? నడుస్తూ కూడా?"

ఆయన కాలు నిమురుకున్నాడు. "నాకే అనుమానం వచ్చిందే. వంటింటి దాకా వెళ్ళొచ్చి ఇక్కడ కూర్చునేవాణ్ణి. నువ్వొచ్చి సున్నా అనేదానివి. మందుల మత్తులో నడిచినట్టు అనిపిస్తోందేమో, కలగంటున్నానేమో అనుకున్నా. డాక్టరు ముందు కాలు కూడా రాలేదు కదా." దిండుకి ఆనుకుంటూ అన్నాడు. "లిఫ్టు పైకి చేరి తలుపు తెరుచుకున్నా, బోర్డు మీద అంకె మారకపోతే ఎవరూ దిగరు తెలుసా? లోపలే నిలబడతారు. నేనే చూశాను."

నాకు ఏడుపు ఆగలేదు. తెరవక్కర్లేని కాలుని తెరిపించబోయాను. అంతకంటే, ఆ మనిషికి తన కాళ్ళ మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఆయన ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చాడు.

డాక్టరు గారికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. "మీ గ్రాఫులు మళ్ళీ తేకండమ్మా. పొద్దున్న మనిషిని తీసుకురండి. నా ఎదుట గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే చాలు, తెరవను. నడవకపోతే మాత్రం అనుకున్నట్టే చేస్తాను" అన్నారు.

పొద్దున్న ఆస్పత్రి వరండాలో వంగి ఆయన కాలికున్న డబ్బాలు రెండూ విప్పి సంచిలో పడేశాను. పట్టీల కింద చర్మం తెల్లగా నొక్కుకుపోయి ఉంది. నర్సు పేరు పిలిచింది. అలవాటుగా నేనూ లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఆయన నావైపు చూశాడు. నేను ఆగిపోయాను. తలుపు మూసుకుంది.

బెంచీ మీద కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. లోపల ఏం జరుగుతోందో చెప్పే అంకె ఒక్కటీ నా చేతిలో లేదు. చెవులు రిక్కించాను. ఎవరో స్ట్రెచరు తోసుకెళుతున్న చప్పుడులో ఏమీ వినపడలేదు. ఎక్కడో డాక్టరు గారి గొంతు. తర్వాత అదీ లేదు. తలుపు కాస్త తోసి చూస్తే ఏమవుతుందని నా చెయ్యి రెండుసార్లు అటు వెళ్ళింది. రెండుసార్లూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ముందు డాక్టరు గారు కాదు, ఆయనే వచ్చాడు. చేతికర్ర చంకలో ఇరికించుకుని, ఒక చెయ్యి గోడకి దగ్గరగా పెట్టుకుని, గోడని తాకకుండా. మడమ సరిగ్గా ఆనడం లేదు. నడుము ఎగురుతోంది. నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. చొక్కా అంతా చెమటతో తడిసి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నడిచాను" అన్నాడు.

అది నాలుగోసారి. నేను ప్రోగ్రాం రాసిన డబ్బా అయితే నాలుగోసారి చెప్పదు.

"అందింది" అన్నాను.