మిగులు గుడ్డ

సైరన్ ఆగకుండా మోగుతోంది. పనివాళ్ల పాళీ మారే వేళ కాదు. అంబదాస్ చేతిలో కుంచె డప్పు మీద సగంలోనే ఆగిపోయింది.

బొగ్గుల పొయ్యికి ఒరగబెట్టిన ఆ డప్పుకు అది ఐదో పూత. ఇంకో రెండు పూతలు వేయాలి. చట్టిలో చింతగింజల గంజి అప్పుడే అంచుల వెంట గట్టిపడుతోంది. బయట మూడు రోజులుగా ముసురు.

"అన్నా, గా కూత మన బాయిదేనా?"

పక్క గది గడపలో ఎల్లక్క నిలబడి ఉంది. చేటలో బియ్యం సగమే చెరిగింది.

"మనదే చెల్లె."

"ఆయన పొద్దుటి పాళీకే పోయిండు."

"ఫికర్ చెయ్యకు. బొగ్గు టబ్బు పట్టాలు దిగుంటది. నేను చూసొస్త."

చేతులు కడుక్కోకుండానే అంబదాస్ బయటికి నడిచాడు. యాభై ఏళ్లవాడు, సన్నటి మనిషి. మగ్గం గుంటలో కాళ్లాడించి ఆడించి మోకాళ్లు కాస్త వంగిపోయాయి. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు మగ్గం అమ్మి, జమ్మికుంట పక్క ఊరి నుంచి ఈ బొగ్గు బాయికి వచ్చాడు. వెంట తెచ్చుకున్నవి రెండే: భార్య అనసూర్య, పడుగుకు గంజి పట్టే కుంచె. మూడో ఏట అనసూర్య జ్వరంతో పోయింది. కుంచె మిగిలింది.

బాయిలో అతని పని పరదాలు కట్టడం. పైనుంచి వచ్చే గాలి దారి తప్పకుండా, బొగ్గు తవ్వేవాళ్ల దాకా వెళ్లేలా తారు పూసిన ముతక గుడ్డను సొరంగాల్లో వేలాడదీయాలి. గుడ్డ సంగతి తెలిసిన మనిషని ఆ పని అతనికిచ్చారు. పదమూడేళ్లుగా అదే పని. ఒక్కనాడూ ఎవరూ అతని పేరు పెట్టి మెచ్చుకోలేదు. తిట్టిందీ లేదు.

మిగతా పొద్దంతా డప్పులు. తోలు డప్పు కొనలేని కూలీల లైన్ల ఇళ్లవాళ్లకు అతని గుడ్డ డప్పే దిక్కు. పాత జల్లెడ చట్రం, పారేసిన పరదా ముక్క, చింతగింజల పిండి, అంతే సరుకు. గుడ్డను బూడిద నీళ్లలో ఉడికించి తారు వదిలిస్తాడు. తడి మీదే చట్రానికి బిగించి కడతాడు. ఏడు పూతల గంజి పడ్డాక అది గణగణమంటుంది. ఇప్పుడు పొయ్యి దగ్గరున్నది ఎల్లక్క మొగుడు హనుమండ్లు కోసం. ఇద్దరూ వరస కలుపుకొని బావా అంటే బావా అనుకుంటారు. అనసూర్య పోయిననాటి నుంచి అంబదాస్‌కు రెండు పూటలా బువ్వ ఆ ఇంట్లోనే.

"ఆదివారం పోచమ్మ బోనాలకు నేనే కొడ్త బావా. నీ డప్పు పలుకకపోతే నీ తలకాయ కొడ్త" అని వారం రోజులుగా హనుమండ్లు వెంటపడుతున్నాడు.

బాయి ముందు గడ్డి మీద ఇద్దరు కూలీలు వాంతులు చేసుకుంటున్నారు. దీపం పట్టి గాలిని పరీక్షించే సర్దార్ బాలమల్లు తలకు తడిగుడ్డ చుట్టుకొని కూర్చున్నాడు.

"ఏమైంది సర్దార్?"

"ఏడో లెవల్ల గాలి సచ్చింది. నా దీపం ఆరిపోయింది. వీళ్లిద్దరు పాక్కుంట బయటపడ్డరు. హనుమండ్లు అందరికన్న ఎనుక ఉండె. తెస్తుండ్రు."

"గాలెందుకు సచ్చింది?"

"పరదా కింద మూరెడు లేదు. వచ్చిన గాలంత కింది సందులకెల్లే మర్లిపోయింది."

"చినిగిందేమో."

"చినిగితే పోగులు లేస్తయి గద. నీకు నేను చెప్పాల్నా? కత్తితోని తిన్నగ కోసిండ్రు. నేతాయన కోసినట్టు."

అంబదాస్ తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో ఎండిన గంజి చర్మాన్ని పట్టి లాగుతోంది.

మొన్న రెండో పాళీలో ఏడో లెవల్లో ఆ పరదా ముందు కూర్చున్నాడు. స్టోరులో పాత ముక్కలు అయిపోయాయి. బోనాలు దగ్గరపడ్డాయి. పరదా అడుగున మూరెడు గుడ్డ నేల మీద మడతపడి ఉంది. మగ్గం మీద బట్ట కోసి ఇచ్చాక చివర మిగిలే మూరెడు నేతగాడిదే. తండ్రి దగ్గరా అదే ఆనవాయితీ, తాత దగ్గరా అదే. దాన్నెవరూ దొంగతనమనరు. చెయ్యి దానంతటదే కత్తి తీసింది. ఎగుడుదిగుడు నేల మీద సందు మూయడానికి ఆ మడత వేసింది తానేనన్న సంగతి, ఆ నిమిషాన నేతగాడి చేతికి గుర్తు రాలేదు.

హనుమండ్లును దీపాల గది వరండాలోకి తెచ్చారు. డాక్టరు కోసం మనిషి పరుగెత్తాడు. ఎల్లక్క వచ్చి తల ఒళ్లోకి తీసుకుంది. అతని పెదవులు నీలంగా ఉన్నాయి. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"బావా... ఎండిందా?"

"ఐదో పూత పడుతున్నది."

"జర... జల్ది కానీయి."

అతని చూపుడు వేలు ఛాతీ మీద లేచి పడింది. మళ్లీ లేచి పడింది. బోనం దరువు. అంబదాస్ ఆ వేలినే చూస్తున్నాడు. రెండు దెబ్బలు, ఒక ఆగుడు. రెండు దెబ్బలు, ఒక ఆగుడు. ఆ తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు. ఎల్లక్క ఏడుపు మొదలయ్యాక గానీ అది ఇక పడదని తెలియలేదు.

మధ్యాహ్నానికి దొంగ దొరికాడన్నారు. కొండల్. హనుమండ్లు కొట్టిన బొగ్గును తట్టకెత్తే మనిషి. తట్ట కింద అతను తల మీద పెట్టుకునే చుట్టగుడ్డ పరదా గుడ్డే. ఆఫీసు బల్ల మీద దాన్ని పెట్టి మేనేజరు అడుగుతున్నాడు. కిటికీ దగ్గర అందరితోపాటు అంబదాస్ కూడా నిలబడ్డాడు.

"ఇది నీకెక్కడిది?"

"దొరికింది."

"ఎక్కడ?"

కొండల్ తల ఎత్తాడు. కిటికీలో అంబదాస్ ముఖం కనిపించింది. నిన్న డప్పుకు పోగా మిగిలిన ఆ ముక్కను కోసి, "తల ఒరుస్కపోతుంది, పెట్టుకో" అని ఇచ్చిన ముఖం అది. కొండల్ మళ్లీ తల దించుకున్నాడు.

"దొరికింది సార్."

"సాయంత్రం పోలీసులొస్తారు. వాళ్లకు చెప్పుకో."

అంబదాస్ వెనక్కి తిరిగాడు. కొండల్ నోరు విప్పడు. మరెవరికీ తెలియదు. డప్పును పొయ్యిలో పెడితే ఒక్క గడియలో బూడిద.

శవాన్ని ఇంటికి తెచ్చారు. వాకిట్లో ఎల్లక్క చుట్టూ ఆడవాళ్లు. ఆమె గొంతు అప్పటికే పోయింది.

"గా కొండల్ గాని చేతులిరుగ. నా ఇంట్ల బువ్వ దిన్నడు అన్నా. నా చేతి బువ్వ దిని..." ఆమె అంబదాస్ చెయ్యి పట్టుకుంది. "నువ్వొక్క పని చెయ్యి. ఆయన అడిగిన డప్పు తే. దాంతోనే సాగదోలుదం. ఆయనకు గదే పానం."

వాన తడికి మెత్తబడ్డ అతని చేతి గంజి ఆమె వేళ్లకు అంటుకుంది.

అతను గదిలోకి వెళ్లాడు. పొయ్యిలో నిప్పు ఇంకా ఎర్రగా ఉంది. దాని ముందు కూర్చున్నాడు. డప్పును ఒళ్లో పెట్టుకొని అంచు తడిమాడు. ఒక్క పోగైనా పైకి లేవకుండా తిన్నటి కోత. తన చెయ్యి తనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? లేచాడు. డప్పును చంకలో పెట్టుకొని వాకిట్లోకి వచ్చాడు.

"నా ఎంబడి రా చెల్లె."

"యాడికి?"

"ఆఫీసుకు. నువ్వు ఇనాలె."

శవం ముందు నుంచి లేచి ఎల్లక్క అతని వెనక నడిచింది. ఆడవాళ్లు వారించినా ఆగలేదు. వానలో డప్పు తడవకుండా అతను చొక్కా విప్పి కప్పాడు.

ఆఫీసులో కొండల్ గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. అంబదాస్‌ను చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. అంబదాస్ డప్పును బల్ల మీద, చుట్టగుడ్డ పక్కన పెట్టాడు.

"గా పరదా తెప్పించుండ్రి సార్. దీని అంచు దానికి పెట్టి చూడుండ్రి. పోగుకు పోగు కలుస్తది."

మేనేజరు డప్పు వైపు చూశాడు. "ఇది ఎవరిది?"

"హనుమండ్లుది."

"కోసిందెవరు?"

అంబదాస్ మేనేజరు వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ ఎల్లక్క వైపు తిరిగాడు.

"నేనే చెల్లె. అంబదాస్. కోసింది అంబదాస్."

ఎల్లక్క తన వేళ్లకు అంటిన గంజిని చూసుకుంది.

బల్ల మీద డప్పు అలాగే ఉంది. ఐదో పూత సగం దాకే పడింది. కుంచె ఆగిన చోట అడ్డంగా ఒక గీత, ఆ గీతలో అంటుకుపోయి కుంచెలోని ఒక్క పీచు.