ఆగని కాజా మిషన్

మా మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు ఇస్త్రీ మడత. కోపమొచ్చినా, జాలి కలిగినా ఆ మొహంలో ముడత పడదు. ఆ రోజు కూడా అలాగే నన్ను గదిలోకి పిలిచి, మా అక్క పోస్టు తీసేస్తున్నామని చల్లగా చెప్పాడు.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ మాది. యూనియన్ తరఫున కంపెనీతో మాట్లాడేది నేను. అక్క పంతొమ్మిదేళ్లుగా బొత్తాలకు కాజాలు కుట్టే మిషన్ మీద పని చేస్తోంది. బావ పోయాక ఇద్దరు ఆడపిల్లల చదువులూ, ఇల్లూ ఆ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి.

పోయినేడు ఆర్డర్లు తగ్గి, నలభై మందిని ఇంటికి పంపుతామన్నారు. పాత ఒప్పందం ప్రకారం కాలర్లు కుట్టే మనిషి కాలర్లే కుట్టాలి.

"ఎవరినైనా ఏ మిషన్ మీదైనా కూర్చోబెట్టుకోనివ్వండి, ఎవరినీ తియ్యం. పని లేని పోస్టు తప్ప" అన్నాడు ఇస్త్రీ మడత.

పని లేని పోస్టు ఇక్కడెక్కడుంటుందిలే అనుకుని కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాను. నలభై మంది ఉద్యోగాలూ నిలబడ్డాయి. నన్ను నెత్తిన పెట్టుకున్నారు. అబద్ధమెందుకు, నాకూ కాస్త కొమ్ములొచ్చాయి.

పోయిన నెల అక్కకు గర్భసంచి ఆపరేషన్ అయింది. నెల రోజుల సెలవు. తను లేక పని వెనకబడిందన్న మాట రాకూడదని నలుగురం వంతులు వేసుకున్నాం. మా పని మేం చేసుకుంటూనే, మధ్యాహ్నం తిండి కూడా మానుకుని కాజాలు కుట్టాం. ఒక్క చొక్కా ఆగలేదు. "మా అక్క సెలవు మీకేం భారం కాలేదు, చూడండి" అని రిజిస్టర్ తీసుకెళ్లి చూపించింది కూడా నేనే.

ఇప్పుడు ఆ రిజిస్టర్‌నే నా వైపు తిప్పాడు.

"ఆ పోస్టు లేకపోయినా నడుస్తుందని మీరే చూపించారు కదమ్మా."

"తిండి మానేసి చేశాం సార్!"

"అది ఇందులో రాయలేదుగా."

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే ఈ ఒప్పందమే మాకొద్దు" అన్నాను.

"సరే, రద్దు చేద్దాం. ఆ నలభై మందికీ మీరే చెప్పండి."

పౌరుషమంతా ఆ గదిలోనే వదిలేసి బయటికొచ్చాను.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. సోమవారం డ్యూటీలో చేరాలని మంచం మీద కూర్చుని యూనిఫాం కోటుకు ఊడిన బొత్తం కుట్టుకుంటోంది. నీళ్లు నమిలి నమిలి చివరికి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నెలంతా మీరే కుట్టారా?" అంది.

"కుట్టాం."

"ఒక్కటీ చెడిపోలేదా?"

"లేదక్కా."

అక్క సూదిని కోటుకే గుచ్చి పక్కన పెట్టింది.

"ఒక్క రోజైనా నేను లేని లోటు వాళ్లకి తెలియనిచ్చి ఉంటే బాగుండేదే, పిచ్చిదానా" అంది.

ఏం చెప్పను? నలుగురిలోకీ ఎక్కువ కుట్టింది నేనే.