గుండు మేడ చుట్టూ నడిచిన తలుపు

నేను ఒక సింహద్వారాన్ని. పేరులో సింహం ఉంది గానీ నా మీద చెక్కినవి రెండు చిలకలు, ఒక అరటిగెల. బర్మా టేకుతో పుట్టాను. పుట్టిన దగ్గర్నుంచీ కాకినాడ జగన్నాథపురంలో ఒకే ఇంట్లో ఉన్నాను. అలాగని ఉన్నచోటే ఉన్నాననుకోకండి. తలుపులన్నీ తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప ఇంకేమీ ఎరగవు. నేను నడిచాను. ఇల్లు దాటకుండా ఇంటి గోడ వెంబడే నడిచాను.

మా ఇల్లు గుండ్రంగా ఉంటుంది. ఊరంతా దాన్ని గుండు మేడ అంటారు. కట్టించినవాడు రంగూన్‌కి బియ్యం ఎగుమతి చేసిన గ్రంధి కన్నయ్య గారు. "ఇదేం ఇల్లండీ, మూలలే లేవు" అని ఎవరైనా అడిగితే ఆయన చెప్పే జవాబు ఒక్కటే. "మూలుంటే దుమ్ము చేరుద్దండి. దుమ్ము తర్వాత చుట్టం చేరతాడండి. దుమ్మునైతే చీపురుతో ఊడ్చొచ్చు." ఆ మాట విన్న చుట్టాలు కొందరు ఆయన జీవించి ఉన్నంతకాలం మా గడప తొక్కలేదు. ఆయన కోరుకున్నదీ అదే.

రేవులో ఒక పాత స్టీమరును విరగ్గొట్టి అమ్ముతుంటే కన్నయ్య గారు దాని ఇనుప స్తంభాన్ని కొని తెచ్చారు. ఇంటికి సరిగ్గా నడిమధ్యన పాతి, పైకప్పు బరువంతా దాని నెత్తిన పెట్టారు. ఆ స్తంభాన్ని గుర్తుపెట్టుకోండి. నా కష్టాలన్నిటికీ అదే మూలం. పాపం, దానికి ఆ సంగతి తెలియదు.

గోడ వంపు తిరిగి ఉంది కాబట్టి నన్నూ వంపుగానే చేయాల్సి వచ్చింది. నన్ను చేసిన వడ్రంగి ఆచారి నెలల తరబడి కన్నయ్య గారిని తిట్టుకుంటూ నా ద్వారబంధాన్నీ రెక్కలనీ చెక్కాడు. చివరికి భోంచేసి లేచిన పెద్దమనిషిలా నాకు ముందుకి కాస్త పొట్ట వచ్చింది. ఈ పొట్టతో నేను ఈ గోడకి తప్ప లోకంలో ఇంకే గోడకీ పట్టను. ఈ ఇల్లు పడిందా, నేను వంటచెరుకునే.

కన్నయ్య గారు నన్ను తూర్పున నిలబెట్టారు. ఏ యంత్రమూ పెట్టి చూడలేదు. తెల్లవారుజామున స్థలంలో నిలబడి, సూర్యుడు ఎటు పొడిచాడో అటు చెయ్యి చూపించారు, అంతే. అప్పట్లో ఉదయం నా రెక్కలు తీయగానే ఎండ తిన్నగా లోపలికి వచ్చి స్తంభం మీద పడేది. నా జీవితంలో అంత సుఖం మళ్ళీ ఎరగను.

ఆయన తర్వాత ఇల్లు ప్లీడరు ఓరుగంటి సాంబశివం గారి చేతికి వచ్చింది. సాంబశివం గారు కేసులు ఓడిపోయేవారు. వాదనలో ఆయనకి పస లేదు. కోర్టులో నోరు పెగిలేది కాదు గానీ ఇంట్లో మాత్రం నేను గొళ్ళెం పెట్టుకున్నా ఆయన గొంతు వీధిలోకి వినపడేది. తనలో ఏదో లోపం ఉందని ఎవరైనా ఒప్పుకుంటారా? లోపం నాలో ఉందని తేలింది. ఒక సిద్ధాంతి గారు వచ్చారు. ఇంటికి నడిబొడ్డును బ్రహ్మస్థానం అంటారు, దిక్కులు అక్కణ్ణించే చూడాలి. ఆ నడిబొడ్డున ఉన్నది మా స్టీమరు స్తంభం. ఆయన దానికి ఆనుకుని నిలబడి దిక్సూచి తీశారు. పక్కన అంత ఇనుము ఉంటే ఆ ముల్లు ఎటు తిరుగుతుందో మీరే ఊహించుకోండి.

"గుమ్మం తూర్పున లేదు, జరిగింది" అన్నారు సిద్ధాంతి గారు.

"మరి ఎండ ఇటే వస్తోందండీ?" అని ప్లీడరు గారి భార్య అడిగింది పాపం.

"సూర్యుడి తూర్పు వేరు, స్థలం తూర్పు వేరు" అన్నారాయన. ఆ మాటకి ప్లీడరు గారి దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర దేనికీ ఉండేది కాదు.

నన్ను పీకి ఆగ్నేయానికి తెచ్చారు. ముహూర్తం చూసి, నవధాన్యాలు పోసి, గడప కింద వెండి ముక్క పెట్టి నిలబెట్టారు. నేను మొదట ఉన్న తూర్పు చోట ఒక కిటికీ పెట్టి ఆ వైపుని వంటగదిగా మార్చారు. సాంబశివం గారు కేసులు మాత్రం ఓడుతూనే ఉన్నారు. కాకపోతే కొత్త గుమ్మంలోంచి వెళ్ళి ఓడిపోయేవారు.

ఆ తర్వాత వచ్చినవాడు సినిమా హాలు యజమాని కొప్పిశెట్టి గవర్రాజు. ఆయన హాల్లో పెట్టిన సినిమాలు వరసగా బోల్తా కొట్టాయి. మళ్ళీ ఒక సిద్ధాంతి, మళ్ళీ అదే స్తంభం, మళ్ళీ ముల్లు గిరగిరా తిరగడం. ఈసారి నన్ను ఇంకొంచెం జరిపి, తూర్పు అని పేరు పెట్టి, శుద్ధ దక్షిణంలో నిలబెట్టారు. గడప కింద వెండి ముక్క అప్పటికే లేదు. నాకన్నా ముందే ఎవరి జేబులోనో ప్రయాణం కట్టింది. దక్షిణం గుమ్మం యముడిదని జనం భయపడతారు. ఇన్నేళ్ళుగా నేను అటే చూస్తున్నాను. యముడు కనపడలేదు. ఎదురుగా ఒక ఇస్త్రీ బండి, వేసవిలో హాయిగా దక్షిణపు గాలి, అంతే.

ఇలా ఉండగా సత్యవేణి వచ్చింది. ఆమె జాకెట్లు కుట్టే టైలరు. చిన్నప్పుడు బడికి వెళ్తూ రోజూ మా గేటు దగ్గర ఆగి మేడని కళ్ళప్పగించి చూసేది. పెద్దయ్యాక ఫ్యాన్ల దుకాణం నడిపే మొగుడు వీరబాబు చెవిలో జోరీగలా పోరి ఈ ఇల్లు కొనిపించింది. అత్తగారు మాణిక్యమ్మకి మొదట్నుంచీ నచ్చలేదు. "ఇల్లంటే ఇల్లులా ఉండాలి గానీ నీళ్ళ ట్యాంకులా ఉంటే ఎలాగే?" అంది.

ఆవిడ బాధలో నిజం లేకపోలేదు. పాత ఇళ్ళ మీద మోజు పడేవాళ్ళు బీరువాని తలుచుకోరు. గుండ్రటి గోడకి ఏ బీరువా ఆనదు. వెనకాల సందు మిగులుతుంది. ఆ సందులోకి దువ్వెనలు, దారపు ఉండలు, వీరబాబు సాక్సులు వెళ్ళాయి గానీ తిరిగి రాలేదు. మంచం ఎటు వేసినా నట్టింట్లో వేసినట్టే ఉండేది. సత్యవేణికి ఇవేవీ పట్టలేదు. జాకెట్ల మెడలు కుట్టే చేతికి వంపు అంటే భయమేముంది? గోడ వంపుకి సరిపోయేలా బల్ల చేయించింది, పరదాలు కుట్టింది. నా పొట్టకి కొబ్బరినూనె రాసి, "ఎంత బాగా కుదిరిందో" అని నిమిరింది. అంతకుముందు నన్నెవరూ అలా మెచ్చుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. తలుపుకి ఏడుపొస్తే వానాకాలం ఉబ్బినట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

గృహప్రవేశమై నెల తిరక్కుండానే వీరబాబు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రోడ్డు మీద గొయ్యి ఉంది, అందులో పడ్డాడు. కానీ ఊళ్ళో గోతులకి వాస్తు చూసేవాళ్ళు లేరు. మాణిక్యమ్మ నా గడప మీద కూలబడి గుండెలు బాదుకుంది.

"ఈ ఇల్లు నా కొడుకుని మింగేత్తాదే! సిద్ధాంతి గారిని పిలవండి. గుమ్మం సరిగా లేదంటే జరిపిద్దారి. జరపడానికి వీల్లేదంటే ఇల్లే కొట్టించేద్దారి!"

సిద్ధాంతి గారు మిట్టమధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తిన ఉండగా వచ్చారు. స్తంభం పక్కన నిలబడి ముల్లు చూశారు. గుమ్మం ఇంకా జరగాలంటూ, తూర్పనుకుని పడమటి వైపు చూపించారు. తాపీ మేస్త్రీ గోడ తట్టి చూసి, ఇప్పటికే రెండుసార్లు కోసి పూడ్చిన గోడ ఇదని, మూడోసారి కోస్తే పైకప్పుకి తను పూచీ లేదని తేల్చేశాడు. మంచం మీంచి వీరబాబు నిట్టూర్చాడు. "పోనీ కొట్టించేద్దాం సత్యా. మామూలు ఇల్లు కట్టుకుందాం. అమ్మ ఏడుపు చూడలేకపోతున్నాను."

ఆ సాయంత్రం సత్యవేణి మిషను ముందు కూచుని, కింద పడ్డ గుండుసూదులు ఏరే అయస్కాంతాన్ని చేత్తో తిప్పుతూ చాలాసేపు స్తంభం వైపే చూసింది. సిద్ధాంతి గారు స్తంభం చుట్టూ అడుగు వేసినప్పుడల్లా ముల్లు ఊగడం ఆమె గమనించింది. దాచలేదు, వెళ్ళి అత్తగారితో చెప్పింది కూడా. "ఇనుం లాగేత్తందండీ అత్తయ్యా, ఆ ముల్లుని నమ్మకండి."

"ఆయన చదివిన శాస్త్రం కన్నా నీ జాకెట్టు ముక్కలెక్కువా?" అని కసిరింది మాణిక్యమ్మ. ఆ మాటతో సత్యవేణి మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళింది. ఇక శాస్త్రానికి శాస్త్రంతోనే సమాధానం చెప్పాలని నిశ్చయించుకున్నట్టుంది.

కొట్టించే ముందు ఒకసారి జరిపి చూద్దామని మాణిక్యమ్మ పట్టుబట్టడంతో, ముహూర్తం పెట్టి, కొత్త గుమ్మానికి గోడ మీద సుద్దగీత గీయడానికి సిద్ధాంతి గారు మళ్ళీ వచ్చారు. దిక్సూచి తీశారు. సరిగ్గా అప్పుడే సత్యవేణి వంటగదిలోంచి మజ్జిగ తెచ్చింది. గ్లాసుని పళ్ళెంలో పెట్టలేదు, ఇనుప దోసె పెనం మీద పెట్టుకుని తెచ్చింది. పెనం అడుగున అయస్కాంతం అతుక్కుని ఉంది. నా గడప ఎత్తు నుంచి నాకది బాగా కనపడుతోంది.

"పళ్ళెం లేదా అమ్మా?" అన్నారాయన ఆశ్చర్యంగా.

"అన్నీ తోమడానికేశానండి" అని గ్లాసు అందించబోయింది. ముల్లు ఉలిక్కిపడి తప్పు దిక్కుకి తిరిగింది. "అయ్యో, ఉప్పు కలపలేదండి" అంటూ వెనక్కి లాగి, గ్లాసు తిప్పి, పెనం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చి, వంటగది వైపు నిలబడి మళ్ళీ అందించింది. ముల్లు బుద్ధిగా వంటగది వైపు తిరిగి ఆగిపోయింది. అటు ఉత్తరమైతే నేనున్నది తూర్పే కదా! సిద్ధాంతి గారు కళ్ళు తుడుచుకుని చూశారు. మజ్జిగ తాగి మళ్ళీ చూశారు. సత్యవేణి ఖాళీ గ్లాసు కోసం పెనం పట్టుకుని కదలకుండా నిలబడింది.

"ఆశ్చర్యం! గుమ్మం ఉండాల్సిన చోటే ఉంది. మొన్న గ్రహస్థితి అడ్డొచ్చినట్టుంది. భయం లేదు మాణిక్యమ్మా, గుమ్మం కదపొద్దు" అన్నారాయన. శాలువా సర్దుకుని వెళ్ళిపోయారు. వీరబాబు మంచం మీదే చప్పట్లు కొట్టాడు.

సత్యవేణి వంటగదిలోకి తిరిగింది. వెనకాలే మాణిక్యమ్మ వెళ్ళింది. గుండ్రటి ఇంట్లో మాట చాటుగా ఉండదు, నాకు అంతా వినపడింది.

"ఆ పెనం ఎంతసేపు మోత్తావే? పొయ్యి మీదెట్టు, దోసెలు పోద్దారి."

"చూశారా అత్తయ్యా?"

"మజ్జిగకి పెనం తెచ్చినదాన్ని నిన్నే చూశాను. చూడకేం? రోజూ పొద్దున్నే ఈ కిటికీలోంచి సూర్యుడికి నీళ్ళొదుల్తాను. తూర్పెటో నాకు తెలీదేటే?"

"తెలిసి మరి ఆయన్నెందుకు పిలిపించారండీ?"

మాణిక్యమ్మ పెనం లాక్కుని పొయ్యి మీద పెట్టింది. "వాడు పడ్డ దగ్గర్నించి నాకు కునుకు లేదే. భయం లేదని ఎవరో ఒకరు చెప్పాలి కదా. నువ్వు చెబితే నమ్మను. నాకు నేను చెప్పుకుంటే అసలు నమ్మను. ఆయనైతే శాలువా కప్పుకుని చెప్తాడు" అంది. అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత వచ్చి నా గడపకి పసుపు రాస్తూ, "నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు" అని నాతో అంది. నేను చెప్పలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు.

మొన్న చలికాలంలో ఆవిడ నిద్రలోనే పోయింది. నట్టింట్లో చాప పరిచారు. తల దక్షిణం వైపు పెట్టాలి కదా, పురోహితుడు "దక్షిణం ఎటండీ?" అని అడిగాడు. గుమ్మం తూర్పని నమ్మిన వీరబాబు లెక్క చూసుకుని బీరువా వైపు చూపించాడు.

"అటు కాదు" అంది సత్యవేణి. నా వైపు చూపించింది. "ఇటు. గుమ్మం వైపు."

"గుమ్మం తూర్పు కదే!"

"కాదండి. అత్తయ్యకీ తెలుసు. ఆవిణ్ణి తప్పు దిక్కున పడుకోబెట్టకండి."

తలని నా వైపు పెట్టి పడుకోబెట్టారు. వీరబాబు తల్లి పక్కన కూచుని నా వంపు కేసి, తిన్నగా అతుక్కున్న తన కాలి కేసి మార్చి మార్చి చూశాడు.

"అయితే ఇన్నేళ్ళూ మనం దక్షిణం గుమ్మంలోంచే తిరిగామా?"

"తిరిగామండి. బాగానే ఉన్నాం కదా" అంది సత్యవేణి. అప్పటిదాకా బిగబట్టుకున్నది ఆగక గట్టిగా ఏడ్చేసింది.

వీరబాబు లేచి నా రెక్కలు రెండూ బార్లా తీశాడు. మాణిక్యమ్మ నా గడప దాటి వెళ్ళింది. అప్పట్నుంచీ నన్ను జరపాలని ఎవరూ అనలేదు. తెల్లారగానే సత్యవేణి వంటగది కిటికీలోంచి సూర్యుడికి నీళ్ళు వదిలి, ఆ తడి చేత్తోనే వచ్చి నా గడపకి పసుపు రాస్తుంది.